ఇసుక చెలకలో ఊదా కుచ్చు గడ్డి: పెరోటిస్ ఇండికాను గుర్తుపట్టే తీరు

మీరిచ్చిన ఆనవాళ్ళు ఇవి: అనంతపురం వైపు ఎర్ర ఇసుక చెలక, వేరుశనగ పీకేసిన చేను గట్టు, జానెడు ఎత్తు గడ్డి, సీసాలు కడిగే బ్రష్షులా ఊదా గులాబి రంగులో ఒకే ఒక్క కంకి. ఫోన్ యాప్ ఒకసారి కొర్ర జాతి అంది, ఇంకోసారి అంజన్ గడ్డి అంది. పక్క చేను రైతు నక్కతోక అన్నాడు. ఇది ఏ గడ్డి, మన నేలదేనా, బయటి నుంచి వచ్చి పడిందా అన్నది మీ ప్రశ్న.

నా అంచనా పెరోటిస్ ఇండికా. అంచనా దగ్గరే ఆగుతున్నాను, ఎందుకంటే ఫోటోలో కంకి ఒక్కటే ఉంది. ఆకు మొదలు లేదు, వేరు లేదు, పక్కన కొలబద్ద లేదు. కంకి రంగును బట్టి గడ్డికి పేరు పెట్టడమంటే తలపాగా చూసి మనిషి ఊరు చెప్పడమే. ఇదే ఇసుకలో ఇదే ఎత్తున కుచ్చు కంకి వేసే గడ్డులు కనీసం అరడజను ఉన్నాయి. వాటిలోంచి దీన్ని విడదీసేది ఒక్క ప్రశ్న: ఆ కుచ్చులోని మీసం ఎక్కడి నుంచి మొలిచింది? మిగతావన్నీ దానికి సాక్ష్యాలే.

యాప్ ఎందుకు తడబడిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. దూరం నుంచి తీసిన ఫోటోలో కొర్ర కుచ్చు, అంజన్ గడ్డి కుచ్చు, పెరోటిస్ కుచ్చు మూడూ ఒకటే. కానీ మూడింటిలోనూ ఆ వెంట్రుకలు మూడు వేర్వేరు భాగాలు. కొర్ర జాతిలో అవి గింజ ఉన్న చిరుకంకికి (కంకిని కూర్చే ఒక్కో చిన్న పూల పొట్లానికి) కింద, దాని కాడ నుంచి పుట్టిన పోచలు. గింజ రాలిపోయినా పోచ కంకి మీదే ఉండిపోతుంది. అంజన్ గడ్డి, అంటే సెంక్రస్ సిలియారిస్‌లో అవి చిరుకంకుల చుట్టూ గిన్నెలా అల్లుకున్న పోచలు. గింజతో పాటు ఆ గిన్నె మొత్తం ఊడి వస్తుంది. పెరోటిస్‌లో అసలు పోచలే లేవు. కనిపించే ప్రతి వెంట్రుకా చిరుకంకి పొట్టు కొసే సాగి మీసమైంది.

కాబట్టి మొదట ఈ పరీక్ష చేయండి. కంకి మధ్య భాగం నుంచి ఒకే ఒక్క చిరుకంకిని పట్టకారుతో గాని, గోళ్ళతో గాని అడుగున పట్టుకుని లాగండి. పైభాగం ఇంకా లేతగా ఉంటుంది, కింది భాగంలో కొన్ని ఇప్పటికే రాలిపోయి ఉండొచ్చు. అందుకే మధ్య నుంచి తీయాలి. దాన్ని నల్ల కాగితం మీద పెట్టి 10 రెట్ల భూతద్దంలో చూడండి. మీసాలు వదిలేస్తే చిరుకంకి ఒళ్ళు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవులో పెద్ద ఆవగింజంత, మందంలో దారమంత. దాని కొస నుంచి రెండు సన్నని మీసాలు V ఆకారంలో విడిపోయి, ఒళ్ళు కంటే మూడు నాలుగు రెట్లు పొడవుగా, దాదాపు సెంటీమీటరు దాకా సాగుతాయి. రెండూ ఇంచుమించు సమానం, తిన్నగా ఉంటాయి, మెలి తిరగవు.

ఇప్పుడు ఒక చుక్క నీళ్ళు వేసి, రెండు కుట్టు సూదులతో ఆ V ని మొదలు దాకా చీల్చండి. నీళ్ళు లేకుండా చేస్తే ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది, తర్వాత నేల మీద వెతకడమే పని. చీల్చినప్పుడు చిరుకంకి రెండు దోనెలుగా విడిపోతుంది. ఒక్కో దోనె కొసకి ఒక్కో మీసం. ఈ రెండూ బయటి పొట్టులు, వీటినే గ్లూములు అంటారు. ఒక్కోదానికి నడుమ ఒకే ఈనె, వీపు మీద పొట్టి గరుకు వెంట్రుకలు. రెండింటి మధ్యా, వాటి పొడవులో సగం ఉండే గాజు లాంటి పల్చటి పొర ఒకటి కనిపిస్తుంది. అది లెమ్మా, అంటే గింజను పట్టుకుని ఉండే లోపలి పొట్టు. దానికి మీసం ఉండదు. దాని వెనక అంతకంటే చిన్న పొర పేలియా. ముదిరిన చిరుకంకి అయితే లోపల సన్నని కోల గింజ ఒకటి ఉంటుంది. ఒక్క చిరుకంకికి ఒక్కటే పువ్వు, ఒక్కటే గింజ.

మీసాలు రెండూ బయటి పొట్టువే అయి, లోపలి పొట్టు బోడిగా, పొరలా ఉంటే పెరోటిస్ ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, దాదాపు ఖాయం. మన దగ్గర పొడి ఇసుకలో కనిపించే మీసాల గడ్డుల్లో ఎక్కువ వాటికి ఇది తలకిందులు: బయటి పొట్టు బోడి, లోపలి లెమ్మాకే మీసం.

ఎండిన నమూనా అయితే పొట్టు పెళుసై విరిగిపోతుంది. అప్పుడు చిన్న గిన్నెలో వేడినీళ్ళు పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి, చిరుకంకుల్ని ఐదు పది నిమిషాలు నాననివ్వండి. సబ్బు లేకపోతే పొట్టు మధ్యనున్న గాలి బయటికి రాదు, నీళ్ళ మీద తేలుతూనే ఉంటుంది. నానాక పచ్చి వాటి లాగే విడిపోతుంది.

ఇక ఆకు. నిజానికి కంకి లేనప్పుడు కూడా ఈ గడ్డిని అనుమానించగలిగేది ఆకు వల్లే. గడ్డి ఆకు అనగానే మనకు పొడవాటి పట్టీ గుర్తొస్తుంది. పెరోటిస్ ఆకు అలా ఉండదు. పొడవు 1 నుంచి 4 సెంటీమీటర్లు, వెడల్పు 2 నుంచి 7 మిల్లీమీటర్లు. మొదట్లో వెడల్పుగా మొదలై కొసకి సూదిగా తేలే బల్లెం ములుకు ఆకారం. మొదలు హృదయాకారంలో చీలి, కాడను రెండు చెవులతో కౌగిలించుకున్నట్టు ఉంటుంది. ఒళ్ళు బిరుసు. అంచు తెల్లగా గట్టిపడి, దాని మీద దువ్వెన పళ్ళలా విడివిడిగా గట్టి వెంట్రుకలు ఉంటాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఈ పళ్ళు కంటికే కనిపిస్తాయి. ఆకు, తొడుగు కలిసే చోట ఉండే జిహ్విక చాలా పొట్టి పొర, భూతద్దం లేకుండా కనిపించదు.

కాడ మొదట్లో నేల మీద వాలి, కణుపు దగ్గర మోకాలులా వంగి పైకి లేస్తుంది. ఎత్తు మామూలుగా 10 నుంచి 40 సెంటీమీటర్లు. ఈ అంకెను మరీ నమ్ముకోకండి. వాన మొహం చాటేసిన ఏడు అదే గట్టు మీద నాలుగు వేళ్ళ ఎత్తుకే కంకి వేసేస్తుంది. కోస్తాలో నీటి తడి తగిలే కొబ్బరి తోట ఇసుకలో మోకాలు దాకా పెరుగుతుంది. కంకి 5 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది, చాలాసార్లు మొక్క ఎత్తులో సగం కంకే. చిరుకంకులు నడిమి ఈనె చుట్టూ అన్ని వైపులా, ఒక్కొక్కటిగా, గుత్తులు కట్టకుండా అంటుకుని ఉంటాయి. లేతప్పుడు పైకి ముడుచుకుని కంకి సన్నగా కనిపిస్తుంది. ముదిరే కొద్దీ అడ్డంగా విచ్చుకుంటాయి, కొన్ని కిందికీ వాలుతాయి. బ్రష్షు పోలిక అప్పుడే వస్తుంది. రాలేటప్పుడు చిరుకంకి మీసాలతో సహా మొత్తంగా రాలిపోతుంది, పొట్టు ఏదీ మొక్క మీద మిగలదు. సీజను చివర్లో చూస్తే పైన బోడి ఈనె, కింద ఎండిన పొట్టి ఆకులు, అంతే.

రంగు గురించి ఒక్క మాట. ఊదా రంగు ఎండ తగిలే చోట, లేత కంకిలో బాగా ఉంటుంది. చెట్టు నీడలో పెరిగినది పచ్చగానే ఉండిపోతుంది, ముదిరితే గడ్డి పరక రంగుకు తిరుగుతుంది. కాబట్టి ఊదా ఉంటే సంతోషం, లేకపోతే దాన్నిబట్టి కొట్టేయకండి.

ఇప్పుడు పొరపాటు పడే చోట్లు. వీటిలో అన్నిటికంటే కిలాడీది ట్రేగస్, మన దగ్గర ముఖ్యంగా ట్రేగస్ మంగోలోరం. పాత పుస్తకాల్లో ట్రేగస్ రాక్స్‌బర్గీ అని ఉంటుంది. అదీ ఏకవార్షికమే (ఒక్క ఏడే బతికేది), అదే ఇసుకే, అదే జానెడు ఎత్తే, పైగా అదే పొట్టి బిరుసు ఆకు, అంచున అవే దువ్వెన పళ్ళు. కంకి రాకముందు ఈ రెండూ పక్కపక్కన ఉంటే అలవాటున్న చెయ్యి కూడా తటపటాయిస్తుంది. అప్పుడు జిహ్విక చూడాలి. ట్రేగస్‌లో పొర బదులు వెంట్రుకల వరుస ఉంటుంది. ఆకు మొదలు కూడా పెరోటిస్‌లో చుట్టుకున్నంత గట్టిగా కాడను చుట్టుకోదు. కంకి వచ్చాక మాత్రం తగాదా లేదు. ట్రేగస్‌కు మీసాలే ఉండవు. రెండేసి చిరుకంకులు ఎదురెదురుగా అతుక్కుని చిన్న ముళ్ళకాయలా ఉంటాయి, పొట్టు వీపు మీద వరుసలుగా కొక్కేల్లాంటి ముళ్ళు ఉంటాయి. చొక్కా చేతికి రుద్ది చూడండి. ట్రేగస్ కాయ వేలాడుతూ ఉండిపోతుంది, దులిపినా రాదు. పెరోటిస్ చిరుకంకి కూడా గుడ్డకు పట్టుకుంటుంది గానీ అది మీసాల గరుకుదనం వల్ల. దులిపితే చాలావరకు పోతుంది.

రెండో ఉచ్చు క్లోరిస్. క్లోరిస్ వర్గాటా, క్లోరిస్ బార్బాటా రెండూ గట్ల మీద, రోడ్ల పక్కన విస్తారంగా ఉంటాయి. పూర్తిగా విచ్చుకున్నాక ఒకే చోట నుంచి వేళ్ళలా అరడజనుకు పైగా కంకులు వస్తాయి కాబట్టి ఎవరూ పొరబడరు. చిక్కంతా పొట్ట దశ దాటి అప్పుడే బయటపడుతున్నప్పుడు. ఆ వేళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే కుచ్చులా నిలబడతాయి. వర్గాటాలో అయితే విచ్చుకున్న తర్వాత కూడా చాలాసార్లు ముడుచుకునే ఉంటాయి. ఇంకో గమ్మత్తు ఉంది. మీసాలు లెక్కపెట్టి తేల్చేద్దామనుకుంటే, వర్గాటా చిరుకంకికి కూడా రెండే మీసాలు! అందుకే లెక్కతో ఆగకుండా మీసం మొదలు దాకా వెళ్ళమన్నాను. వర్గాటాలో ఒక మీసం గింజ పట్టిన లెమ్మాది, రెండోది దాని పైనున్న తాలు లెమ్మాది. గింజ లెమ్మా పైఅంచున తెల్లని వెంట్రుకల కుచ్చు ఉంటుంది. రాలిన తర్వాత బయటి పొట్టులు రెండూ కంకి మీదే ఖాళీగా మిగిలిపోతాయి. బార్బాటాలో మూడు మీసాలు. సందేహం ఉంటే కుచ్చును మొదలు దగ్గర పట్టుకుని వేళ్ళతో విప్పండి. చీలికలుగా విడిపోతే క్లోరిస్, ఒకే ఈనె అయితే కాదు.

అరిస్టిడా సంగతి తేలికే. అరిస్టిడా అడ్సెన్షియోనిస్ కూడా పొడి నేలల ఏకవార్షికం, మీ చెలకలో అది లేకుండా ఉండదు. చీపుర్లు కట్టే అరిస్టిడా సెటేసియాకు ఇది చిన్న చెల్లెలు అనుకోండి. లెమ్మా కొసన ఒకే బిందువు నుంచి మూడు మీసాలు త్రిశూలంలా చీలుతాయి. ఆకులు సన్నగా, లోపలికి చుట్టుకుని తీగల్లా ఉంటాయి. పెరోటిస్ ఆకును ఒక్కసారి చూసినవారు దీని దగ్గర పొరబడరు.

రాళ్ళు తేలిన ఎత్తు నేలల్లో మెలనోసెంక్రిస్ జాక్వెమోంటి అని ఇంకో పొట్టి ఏకవార్షికం ఉంటుంది. ఊదా రంగు, కుచ్చు కంకి, అచ్చం మోసగించే రూపం. అందులో చిరుకంకులు చిన్న చిన్న గుత్తులుగా ఈనెకు ఒకే పక్కన వేలాడతాయి, గుత్తి మొత్తంగా రాలుతుంది, మీసాలకు ఈకలా పక్క వెంట్రుకలు ఉంటాయి. పెరోటిస్ మీసం గరుకే గానీ ఈకలా ఉండదు. కంకిని మెల్లగా వేళ్ళ మధ్య తిప్పండి. అన్ని వైపులా సమానంగా ఉందా, ఒకే పక్కకు ఒరిగిందా అన్నది చూస్తే సగం పని అయిపోతుంది.

బయటి పొట్టుకే మీసం ఉండే గడ్డి ఇంకొకటి ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. పాలీపోగాన్ మాన్‌స్పీలియెన్సిస్. అది కూడా ఏకవార్షికం, మెత్తని కుచ్చు కంకి, రెండు గ్లూములకూ మీసాలు. కానీ అది తడి కోరే గడ్డి, కాలవ గట్లు, చిత్తడి అంచుల్లో ఉంటుంది. ఆకులు పొడవుగా, జిహ్విక కంటికి బాగా కనిపించే పెద్ద పొరగా ఉంటాయి. వేరుశనగ చెలక గట్టు మీద దాని గురించి బెంగపడక్కర్లేదు.

దర్భ, గణుక సోద, సముద్రపు ఇసుకలో ఉండే రావణాసురుడి మీసాలు లాంటివి ఈ పోలికల్లోకి తేవడం దండగ. మీసాలనే పేరున్నా ఆ చివరిది ముళ్ళబంతి వేసే మొండి గడ్డి. దర్భ కంకి తెల్లని పట్టుకుచ్చు, నేలలో గట్టి కొమ్ములు పాకుతాయి. గణుక సోద కంకి నక్షత్రంలా విచ్చుకుంటుంది.

ఏకవార్షికమేనా అని ఎలా తేల్చాలి? పీకి చూడడమే. కొడవలితో కోసి తెచ్చిన గడ్డి మీద ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. వేళ్ళతో నేలను వదులు చేసి, మొక్కను మొదలంటా తీసి, వేరు నీళ్ళలో ఆడించి ఇసుక పోగొట్టండి. సన్నని పీచువేళ్ళ గుబురు తప్ప ఇంకేమీ లేకపోతే, మొదట్లో పోయినేటి ఎండు తొడుగుల మూట కనిపించకపోతే, అది ఈ ఏడు వానకు మొలిచిందే. ఒక తిరకాసు మాత్రం ఉంది. వాలిన కాడల కింది కణుపుల దగ్గర వేళ్ళు పుట్టే అలవాటు దీనికి ఉంది. తడి అందే తోటల్లో అలా వేళ్ళు దిగి, రెండో సీజను కూడా లాగేసే మొక్కలు కనిపిస్తాయి. అందుకే కొన్ని పుస్తకాల్లో ఏకవార్షికం అనీ, కొన్నిట్లో కొద్దికాలం బతికే బహువార్షికం అనీ రాసి ఉంటుంది. అనంతపురం చెలకలో ఎండాకాలం దాటి బతకడం కష్టం, అక్కడ ఏకవార్షికం అనే రాసుకోండి.

మన గడ్డే. భారతదేశం, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, దక్షిణ చైనా దాకా దీని సహజ నివాసం. ఆంధ్రలో కోస్తా ఇసుక మేటలు, సరుగుడు, జీడిమామిడి తోటల నుంచి రాయలసీమ ఎర్ర ఇసుక నేలల దాకా ఉంటుంది. తెలంగాణలో చెలక నేలల్లో వెతకాలి. నల్లరేగడిలో కనిపించిందంటే గుర్తింపును మళ్ళీ ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

పేరు పాతదే. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని ఆంథోక్సాంథం ఇండికం అన్నాడు, అంటే యూరప్‌లోని ఒక సువాసన గడ్డి ప్రజాతిలో కలిపేశాడు. 1789లో ఐటన్ పెరోటిస్ ప్రజాతిని స్థాపించి పెరోటిస్ లాటిఫోలియా అని పేరు పెట్టాడు. లాటిఫోలియా అంటే వెడల్పాకుది. ఆకును చూసే పెట్టిన పేరు కాబట్టి నాకు ఇదే బాగుంటుంది గానీ, ముందు పెట్టిన జాతి పేరుకే హక్కు. 1891లో కుంట్జె ఆ పాత ఇండికాను పెరోటిస్‌లోకి తెచ్చాడు. పాత మద్రాసు పుస్తకాల్లో పెరోటిస్ లాటిఫోలియా అని కనిపిస్తే అది ఇదే. నక్కతోక అన్న మాట మీద ఆధారపడకండి. తోక పోలిక ఉన్న ప్రతి గడ్డికీ ఎక్కడో ఒకచోట ఆ పేరు ఉంటుంది, కాబట్టి అది రైతు తప్పూ కాదు.

ఇదే ప్రజాతిలో పెరోటిస్ హార్డీఫార్మిస్ అని దగ్గరి చుట్టం ఒకటి ఉంది. ఆ రెండింటినీ ఫోటో మీద విడదీస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. మీసాలు మినహాయించి చిరుకంకి ఒళ్ళు పొడవు, ఆకు మొదలు రూపం రాసుకుని, నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అంటించి దాచే చోట, ఉన్న షీట్ల పక్కన పెట్టి పోల్చాలి. మీకు దగ్గరలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం ఉంది. హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం, కోయంబత్తూరులో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. అక్కడికి పంపాలంటే నమూనా సరిగా ఉండాలి, చాలామంది ఇక్కడే పాడుచేస్తారు.

నాలుగు మొక్కలు తీయండి. ఒకటి లేత కంకిది, రెండు నడిమి దశవి, ఒకటి ముదిరినది. అన్నీ ముదిరినవే తెస్తే నొక్కి ఆరబెట్టే ప్రెస్సులోనే చిరుకంకులు రాలిపోయి ఈనెలు మిగులుతాయి. ఏదైనా రాలితే పారేయకుండా చిన్న కాగితం పొట్లంలో కట్టి షీటుకు అంటించాలి, పరీక్షకు పనికొచ్చేది అదే. ప్లాస్టిక్ సంచిలో సాయంత్రం దాకా ఉంచితే ఆకులు చుట్టుకుపోయి, తర్వాత ఎంత నొక్కినా విప్పుకోవు. పొలంలోనే పాత న్యూస్‌పేపరు మడతలో పెట్టేయండి. ఆకుల్లో కనీసం రెండింటిని కాడ నుంచి కొంచెం దూరంగా పరచండి, ఆకు మొదట్లోని చెవులు కనిపించాలి. పైన బరువు పెట్టి, మొదటి మూడు నాలుగు రోజులు రోజూ కాగితం మార్చండి. ఇంత చిన్న గడ్డి వారంలో ఎండిపోతుంది. కాగితం మార్చకపోతే బూజు పట్టదేమో గానీ రంగు నల్లబడి ఆకు అంచు పళ్ళు కనిపించవు. షీటు కొలత 42 × 28 సెంటీమీటర్లు, ఇది మడత పెట్టకుండానే సరిపోతుంది.

చీటీలో తేదీ, ఊరు, మండలం, జీపీఎస్ అంకెలు, నేల రకం, నీడా ఎండా, పచ్చిగా ఉన్నప్పటి కంకి రంగు, ఒంటరిగా ఉందా గుంపుగా ఉందా అన్నవి రాయండి. రంగు ఎండాక పోతుంది కాబట్టి అప్పుడే రాసుకోవాలి. “ఇసుక నేల” అని ఊరుకోకుండా ఎర్ర ఇసుకా, వాగు ఇసుకా, సముద్రపు ఇసుకా అన్నది చెప్పండి.

నమూనా పంపే ఓపిక లేకపోతే ఫోటోలే తీయండి గానీ ఐదు తీయండి: వేరుతో సహా మొక్క మొత్తం, కంకి నడిమి భాగం దగ్గరగా, ఒక ఆకు మొదలు కాడతో సహా, వెలుతురుకు ఎదురుగా ఆకు అంచు, గ్రాఫు కాగితం మీద ఊడదీసిన ఒక చిరుకంకి. గ్రాఫు కాగితంలో ఒక్కో చిన్న గడి 1 మిల్లీమీటరు, వేరే కొలబద్ద అక్కర్లేదు. కంకి వెనక నల్ల గుడ్డ పెట్టండి. ఆకాశం వెనక ఉంటే ఫోన్ కెమెరా వెలుతురుకు సర్దుకుని మీసాల్ని మింగేస్తుంది. గాలికి కంకి ఊగుతుంటే తెంపి నేల మీద పడుకోబెట్టి తీయండి.

పొలం మాట. వచ్చే ఖరీఫ్‌లో వేరుశనగలో ఇది ఎక్కువైతే మందుల దాకా పోవాల్సిన గడ్డి కాదు. వేరు పైపైనే ఉంటుంది, నేలలో పాకే కొమ్ములు లేవు, గింజ ఒక్కటే దాని దారి. కంకి వేయకముందు గుంటకతో ఒకటి రెండు సార్లు అంతరకృషి చేస్తే చాలు. అయితే విత్తిన 45 రోజులు దాటాక చేను కదిలించకండి, అప్పటికి ఊడలు భూమిలోకి దిగుతుంటాయి, తెగిపోతే కాయ పోతుంది. ఆ తర్వాత కనిపించినవి చేత్తో పీకడమే. గట్టు మీద ఉన్నదాన్ని వదిలేయండి. మేతగా దీనికి పెద్ద విలువ లేదు, లేతప్పుడు పశువులు కొరుకుతాయి గానీ మీసాల కంకి వచ్చాక ఇష్టపడవు. ఇంకో సంగతి, అది విస్తారంగా ఉన్న చోట నేలలో సత్తువ తక్కువని అనుమానించి భూసార పరీక్ష చేయించుకోవచ్చు.

ముందు ఆ చిరుకంకిని చీల్చి చూసి, మీసాలు బయటి పొట్టువా లోపలి పొట్టువా అన్నది చెప్పండి. బయటివే అయి, ఆకు మొదలు కాడను చుట్టుకుని ఉంటే చీటీ మీద పెరోటిస్ ఇండికా అని పెన్సిలుతో రాసుకోవచ్చు. పెన్సిలు ఎందుకంటే, హెర్బేరియంలో పోల్చాకే ఇంకు.